రేడియోకు మూతి లేదు

మొన్న కోరుట్లలో మా వీధి చివరి సర్కారు బడిలో గోడకు పెద్ద తెర బిగించారు. రిటైరైన పంతుళ్లందరికీ కబురు పెట్టి ముందు వరుసలో కుర్చీలు వేశారు. శాలువాలంటే నాకేమీ మోజు లేదు. ఇంట్లో ఒక్కణ్నే కూచుని గోడల్ని చూసేకంటే నయమని పోయాను. తెర మీద భూమి తిరిగింది, చంద్రుడు తిరిగాడు, ఎవరిదో చక్కని గొంతు పాఠం చెప్పింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. బాగుంది. నిజంగానే బాగుంది, కాదనడానికి నేనెవణ్ని?

తర్వాత హెడ్మాస్టరమ్మ మైకు నా చేతికిచ్చి, "సార్, మీ కాలంల ఇసొంటియి లేకుండె గదా, రెండు ముక్కలు చెప్పుండ్రి" అంది. లేకపోవడమేమిటి? మాకూ ఒకటి ఇచ్చారు. దాని గురించి చెప్పాలనే నోరు తెరిచాను. చివరికి "పిల్లలు మంచిగ చదువుకోవాలె" అని ఒక అరిగిపోయిన మాట అనేసి కూచున్నాను. ఇంటికి వచ్చేదాకా నా మీద నాకే మండింది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు కొడిమ్యాల దాటి గుట్టల్లోపలి ఊరు. బస్సు దిగాక గంటన్నర నడక. అవి నక్సలైట్ల రోజులు. పేపర్లలో నక్సలైట్లు, ఊళ్లో మాత్రం అన్నలు. పోలీసు జీపు వచ్చినా, అన్నల దళం వచ్చినా ఊరివాళ్లను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: కొత్తగా ఎవరొచ్చారు, వాళ్లతో నువ్వేం మాట్లాడావు? ఆ ఊరికి కొత్తగా వచ్చింది నేనే. ఇంకేముంది, నాతో మాట్లాడటమంటేనే జనానికి గుండె దడ. దారిలో ఎదురైతే "బాగున్నరా సార్" అనేవాళ్లు. "బాగున్న" అనేవాణ్ని. అంతే, వాళ్లు అటు, నేను ఇటు. వాళ్లను తప్పు పట్టను. కానీ ఇరవై మూడేళ్ల వయసులో రోజంతా రెండు మాటలతో బతకడం ఎట్లా ఉంటుందో, బతికినవాడికే తెలుస్తుంది.

పైగా నేను సిరిసిల్లవాణ్ని. మాది సాలె కుటుంబం. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాన్న చేతిమగ్గం తీసేసి సాంచలు పెట్టించాడు. సాంచలంటే కరెంటు మగ్గాలు. మా ఇంట్లో నాలుగు, పక్కింట్లో ఆరు, వీధంతా అవే. ఆ టకటకలోనే తిన్నాం, చదివాం, పోట్లాడుకున్నాం. అట్లాంటి చోటు నుంచి వచ్చి, ఆకు రాలితే వినపడే ఊళ్లో పడ్డాను. మొదటి వారం ఆ నిశ్శబ్దానికి చెవుల్లో నొప్పి పుట్టింది. నిజం, అబద్ధం కాదు.

ఒక్క పంతులు బడి అది. ఒక గది, ఒక వరండా, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ, అన్నిటికీ నేనే. సామాన్ల కొట్లో నా మంచం. కరెంటు లేదు. పిల్లలు వెళ్లిపోయాక ఖాళీ గదిలో పాఠాన్ని పైకి చదువుకునేవాణ్ని, మనిషి గొంతు వినాలని. తర్వాత నా మీద నాకే జాలేసి ఊరుకునేవాణ్ని.

ఐదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. సన్నగా, నల్లగా, కళ్లు మాత్రం ఎప్పుడూ నా మొహం మీదే. నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడితే, నేను మళ్లీ ఇటు తిరిగేదాకా కాచుకుని ఉండేది. ఒకసారి చెప్పిన లెక్క రెండోసారి చెప్పనక్కర్లేదు. అక్షరాలు ముత్యాలు. నాన్న కూలి, అమ్మ బీడీలు చేసేది, సెంటు భూమి లేదు. ఊళ్లో మాత్రం ఆ పిల్లకు మంచి పేరు లేదు. "గా పోరికి పొగరు సార్. ఎంత పిల్సినా పలుకది. అడిగిందానికి జవాబియ్యది" అని వాళ్ల వాకిట్లో బీడీలు చేసే ఇరుగుపొరుగు ఆడవాళ్లే నాతో అన్నారు. నాతో రెండు మాటలకు మించి మాట్లాడింది ఆ చాడీ చెప్పడానికే.

ఒకరోజు ఆమె తండ్రిని బడికి పిలిపించాను. గురుకులం ప్రవేశ పరీక్ష రాయిద్దాం, సీటొస్తే తిండి, బట్టలు, చదువు అన్నీ సర్కారువే అన్నాను. ఆయన గోడవారగా నిలబడే విన్నాడు.

"సీటస్తే పంపుత సార్. రాకుంటే తల్లితోని బీడీలకు కూసుంటది. గింతే. నడుమల మల్ల పెద్దబడి గిద్దబడి అని నన్ను తిప్పద్దు. గంత దూరం ఒంటిగ పంప, రోజులు మంచిగ లెవ్వు" అన్నాడు.

సరే అన్నాను. ఆ పిల్లకు సీటు రాకపోతే ఇంకెవరికి వస్తుంది అనుకున్నాను. పరీక్షకు ఇంకా ఏడెనిమిది నెలలుంది.

అప్పుడు వచ్చింది రేడియో. కరెంటు లేని బళ్లకు రేడియోలిచ్చి ఆకాశవాణి పాఠాలు వినిపించాలని సర్కారు తలపెట్టింది. జగిత్యాల ఆఫీసులో సంతకం పెట్టి తెచ్చుకున్నాను. బస్సు దిగి గంటన్నర భుజం మీద మోసినా బరువనిపించలేదు. పొద్దున పదకొండింటికి పాఠం. ఒక ఆడమనిషి గొంతు, ఒక మగమనిషి గొంతు, మధ్యమధ్య పాట. ఇంగ్లీషు మాట ఒకటి చెప్పి ఆగేవాళ్లు, ఆ సందులో పిల్లలు దాన్ని తిరిగి చెప్పాలి. అమ్మో, ఏం చెప్పాలి ఆ సంబరం! అప్పటిదాకా అడిగితే నేల చూసే పిల్లలు కూడా రేడియో ఆగగానే పోటీలు పడి అరిచేవాళ్లు. నాలుగు నెలల్లో నేను నేర్పలేకపోయింది అది నాలుగు వారాల్లో నేర్పింది. నిజానికి కొన్ని మాటలు పలకడం నాకే సరిగా రాదు, వాళ్లతోపాటు నేనూ నేర్చుకున్నాను.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ గొంతులు నాకోసమే వస్తున్నట్టు ఉండేది. పాఠం మొదలవగానే నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవాణ్ని. సౌండు పూర్తిగా పెంచి పెట్టేవాణ్ని, సాంచల మధ్య పెరిగినవాడికి అంతకు తక్కువైతే చప్పగా ఉంటుంది. పొలాల్లో కలుపు తీసేవాళ్లకు కూడా మా ఇంగ్లీషు పాఠం వినపడేది. ఆ అరగంట నేను ఒంటరివాణ్ని కాను. కళ్లు తెరిచి ఉంటే ఆ పిల్లను చూసేవాణ్నేమో.

రేడియో రాకముందు ఆమె ఫస్టు. వచ్చిన నెల రోజులకు అందరికంటే లాస్టు. రేడియో ఏం చెప్పిందని అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడేది. పిల్లలంతా ఒక్కసారి పలికితే ఆమె వాళ్ల వైపు చూసి ఒక్క క్షణం తర్వాత పలికేది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ పిల్ల మీద ఇంత ఆశ పెట్టుకున్నానే, వాళ్ల నాన్నతో మాట కూడా ఇప్పించుకున్నానే, నాటకాలాడుతుందా? ఊళ్లోవాళ్లు పొగరని ఊరికే అనలేదు అనుకున్నాను.

తీసుకుపోయి రేడియోకు జానెడు దూరంలో కూర్చోబెట్టాను. సౌండు ఇంకా పెంచడానికి లేదు, అప్పటికే చివరిదాకా ఉంది. ఆమె రేడియో ముందున్న చిల్లుల జాలీ వైపు రెప్ప వెయ్యకుండా చూసింది. పాఠం అయ్యాక అడిగితే మళ్లీ నోరు మెదపలేదు. బెత్తం తీసి అరచేతుల మీద నాలుగు వేశాను.

"నేను జూస్తనే ఉన్న సార్" అంది ఏడుస్తూ.

"నిన్ను జూడుమన్ననా? ఇనుమన్న!" అని ఇంకో రెండు వేశాను.

ఈ మాట కొట్టెయ్యకుండా ఉంచుతున్నాను.

సౌండు చివరిదాకా పెడితే బ్యాటరీ సెల్లులు ఎన్నాళ్లు వస్తాయి? వారం తిరగకుండానే రేడియో గొంతు బొంగురుపోయేది. నెలకోసారి జగిత్యాల పోయి పదహారు పెద్ద సెల్లులు ఒకేసారి కొనుక్కొచ్చేవాణ్ని. అన్నలు మందుపాతరలు పేల్చడానికి సెల్లులు వాడతారని, ఎక్కువ కొన్నవాళ్ల మీద పోలీసులు కన్ను వేసి ఉంచుతారని నాకెవరు చెప్తారు? నాతో మాట్లాడేదెవరు? మూడోసారి కొని వస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. సంచీ విప్పారు. నన్ను దింపారు.

ఠాణాలో ఎస్సై సెల్లులన్నీ బల్ల మీద వరుసగా నిలబెట్టి, "ఏం పంతులూ, ఎవలకు గివి?" అన్నాడు.

"బడి రేడియోకు సార్."

"బడి రేడియో గిన్ని మింగుతదా? అరగంట పాఠానికి? ఎవన్ని ఎర్రోన్ని జేస్తున్నవ్?"

సౌండు పెంచి పెడతాను సార్ అన్నాను. ఎందుకు అన్నాడు. ఎందుకంటే ఏం చెప్పను? మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నేల మీద కూర్చోబెట్టారు. నన్ను కొట్టలేదు. కానీ పక్కగదిలో ఎవరినో కొడుతుంటే విన్నాను. ఆ రోజు నాలో ఏదో విరిగింది. కుర్చీలో ఉన్నవాడు ఏమన్నా "సరే సార్" అనడం అక్కడే నేర్చుకున్నాను. మర్నాడు జీపులో వచ్చి రేడియోను ఇంక్వైరీ కోసమని పట్టుకుపోయారు. ఊళ్లో నాకు అప్పటిదాకా ఉన్న "బాగున్నరా సార్" కూడా ఆగిపోయింది.

రేడియో లేని రోజుల్లో మళ్లీ నేనే అన్నీ చెప్పాను. పిల్లలు నీరసపడ్డారు, పదకొండయితే ఖాళీ బల్ల వైపు చూసేవాళ్లు. ఆ అమ్మాయి మాత్రం మూడో రోజుకే మళ్లీ ఫస్టు. చెయ్యెత్తుతోంది, జవాబు చెప్తోంది, నవ్వుతోంది. నాకు సంతోషం కలగాలి గదా? కలగలేదు. నా రేడియో పోయిందని సంబరపడుతోందా ఇది అని లోలోపల రగిలిపోయాను. అంత మూర్ఖుణ్ని.

ఆ ఆదివారం సిరిసిల్ల పోయాను. ఠాణా సంగతి ఇంట్లో చెప్పుకుని ఏడవాలని ఉండింది. సాంచలు నడుస్తున్నాయి. నాన్న నాకు వీపు పెట్టి తెగిన పోగు అతుకుతున్నాడు. అవతలి గోడ దగ్గర అమ్మ నూలు కండెలు చుడుతోంది. "నాయనా" అని పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకా గట్టిగా పిలిచాను. అమ్మ నన్ను చూసి, గొంతు లేకుండా పెదవులతోనే తిట్టింది. సాంచల దగ్గర మా మాటలన్నీ అట్లాగే. ఆ చప్పుడులో అరిచినా వినపడదు, అందుకని ఎదురుగా పోయి, మొహం చూపించి, పెదవులతో చెప్తాం, చేతులతో చెప్తాం. ఏళ్ల తరబడి సాంచల మధ్య ఉన్నవాళ్లకు బయటికి వచ్చినా సగం వినపడదు. మా వీధిలో అది ఎవరికీ వింత కాదు, సిగ్గూ కాదు.

"ఎనుకకెళ్లి పిలిస్తె ఎట్ల ఎర్కయితదిరా? ముంగటికి పోయి మొకం సూపియ్యి. పంతులైనంక గది సుత మరిసినవా?" అంటున్నాయి అమ్మ పెదవులు.

మరిచాను. మరిచిపోయానని అప్పుడే తెలిసింది. కండెల గంప పక్కనే కూలబడ్డాను. పిలిస్తే పలకని పిల్ల. నా మొహం మీంచి చూపు తిప్పని పిల్ల. "నేను జూస్తనే ఉన్న సార్." ఓరి దేవుడా! సాలె ఇంట్లో పుట్టి, వీధి నిండా అట్లాంటి మనుషుల మధ్య పెరిగి, ఆ పిల్ల చేతులు వాచేట్టు కొట్టానా?

ఠాణా సంగతి చెప్పనే లేదు. అన్నం తిని తిరుగు బస్సెక్కాను.

సోమవారం ఆమె వరండాలో కూచుని పలక తుడుస్తోంది. వెనక నిలబడి పిలిచాను. ఇంకా గట్టిగా పిలిచాను. మిగతా పిల్లలంతా నా వైపు తిరిగారు, ఆమె తిరగలేదు. అప్పుడు ముందుకు పోయి మోకాళ్ల మీద కూచుని, గొంతు బయటికి రాకుండా, పెదవులు మాత్రం కదిపి అడిగాను, పొద్దున ఏం తిన్నవని.

"గట్క తిన్న సార్" అంది టక్కున.

మనిషి గొంతు అంటే ఏమిటో ఆమెకు సరిగా జ్ఞాపకం కూడా లేదు. చిన్నప్పుడెప్పుడో జ్వరం వచ్చిందని తనే చెప్పింది. అందరూ తనలాగే మొహాలు చూసి మాటలు తెలుసుకుంటారనే అనుకుంటోంది.

"మరి రేడియో పాఠం ఎందుకు రాలే నీకు?" అని పెదవులతోనే అడిగాను.

"అందరికి ఎట్ల సమజయితుందో నాకు తెల్వలే సార్. నేను సుత గట్లనే జూసిన. మస్తు జూసిన. రేడియోకు మూతి లేదు" అంది.

పిల్లలందరి ముందూ ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో వాళ్లకు అర్థం కాలేదు. ఆమె నా కళ్లకేసి, పెదవులకేసి మార్చి మార్చి చూసింది, ఏమైనా చెప్తానేమోనని. ఆమె చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాను. కొట్టిన పంతులు తప్పయిందనడం ఆమె ఎక్కడా చూసి ఉండదు, భయపడి చేతులు లాక్కుంది.

మూడు వారాలకు రేడియో తిరిగిచ్చారు. సెల్లులు కావాలంటే ఠాణా నుంచి చిట్టీ తెచ్చుకోవాలన్నారు. సరే సార్ అన్నాను. ఇప్పుడు సౌండు తగ్గించి పెట్టాను. ఇక కళ్లు మూసుకోలేదు. పదకొండు కాగానే రేడియో పక్కన నిలబడి, అది చెప్పే ఒక్కో మాటా పెదవులతో ఆమెకు అందించేవాణ్ని. ఇంగ్లీషు మాటకు నాలుక ఎక్కడ ఆనాలో, పెదవి ఎట్లా ముడవాలో నెమ్మదిగా చూపించేవాణ్ని. విచిత్రం ఏమిటంటే, అది చూసి మిగతా పిల్లలు పలకడం కూడా బాగుపడింది. రేడియో పెట్టమన్న పెద్ద ఆఫీసర్లకు ఇది తెలియదు. రేడియో ఒక్కటే చాలదు, దాని పక్కన ఒక మనిషి నిలబడాలి. ఆ మాట అప్పుడు ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ని. ఎవరూ అడగలేదు.

నా ఒంటరితనం కూడా కొంచెం తగ్గింది. మా సాంచల మాట ఆ గుట్టల మధ్య తెలిసిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. మధ్యాహ్నం అన్నం గంటలో బడికి ఆ చివర నుంచి ఈ చివరకు ఇద్దరం గొంతు లేకుండా ఎక్కాలు చెప్పుకునేవాళ్లం. వాళ్లమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. మా సిరిసిల్లలో ఒకరికి వినపడదనేది ఒకరు ఎడమచేత్తో తింటారన్నట్టు ఉంటుంది, పనిగట్టుకుని చెప్పే విషయం కాదు. ఆ బుద్ధే నా కొంప ముంచింది. కాదు, నా కొంప కాదు.

పరీక్ష సెంటరు కోరుట్లలో పడింది. తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, జగిత్యాలలో బస్సు మారి, ముగ్గురం దిగాం, నేను, ఆమె, వాళ్ల నాన్న. నూనె పెట్టి దువ్విన జడకు ఎర్ర రిబ్బను. దారంతా ఎక్కాలు, రాజధానులు, ఇంగ్లీషు మాటలు, ఏదడిగినా చెప్తోంది. ఈ పిల్లకు సీటు రాకపోతే పంతులుద్యోగం మానేస్తాననుకున్నాను.

పరీక్షలో పది ఇంగ్లీషు మాటలు డిక్టేషన్ ఉంటుందని బోర్డు మీద రాసి ఉంది. డిక్టేషన్ చెప్పే పంతుళ్ల అలవాటు నాకు తెలుసు, చేతులు వెనక్కి కట్టుకుని బెంచీల మధ్య తిరుగుతూ చెప్తారు. వెనక నుంచి చెప్తే ఆమెకు పదికి సున్నా. ఎదురుగా నిలబడి చెప్తే పదికి పది. ఇంత చిన్న సాయం ఎవరు కాదంటారు అనుకుని, గంట కొట్టకముందే తండ్రినీ పిల్లనూ వెంటబెట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి పోయాను. ఆయన కుర్చీ పక్కకు పోయి, మా వీధిలో చెప్పినంత మామూలుగా చెప్పాను.

"సార్, ఈ అమ్మాయికి ఇనపడది. డిక్టేషన్ చెప్పేటప్పుడు జర ముంగట నిలబడి చెప్పమనుండ్రి సార్, చాలు. మూతి చూసి రాస్తది."

ఆయన కలం ఆపాడు. నన్ను కాదు, ఆమెను చూశాడు, తలుపు దగ్గర తిన్నగా తనకేసే చూస్తూ నిలబడ్డ పిల్లను.

"చెవిటిదా?" అన్నాడు. తర్వాత పక్కనున్న గుమాస్తాతో, ఆమె అక్కడ లేనే లేనట్టు, "చెవిటిదాన్ని ఎవడు తెమ్మన్నడయ్యా? రేపు హాస్టల్ల గంట కొడ్తె లేస్తదా? ఏమన్నయితె జిమ్మేదారి ఎవలు? రూల్సు ఒప్పుకోవు. పేరు కొట్టేయ్" అన్నాడు.

గుమాస్తా స్కేలు పెట్టి గీత గీశాడు.

రూల్సు నిజంగా ఒప్పుకోవో, ఆయన నోటికొచ్చింది అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ రూలు, ఎక్కడుంది, చూపించండి అని అడగాలి గదా? వాదించాలి గదా? కాళ్ల మీద పడాలి గదా? కుర్చీలో ఉన్నవాడు గొంతు పెంచగానే నాకు ఆ ఠాణా గచ్చు గుర్తొచ్చింది. నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"సరే సార్."

బయట వరండాలో గంట కొట్టారు. పిల్లలంతా లోపలికి పరిగెత్తారు. వాళ్ల నాన్న తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయనకు ఈ సంగతి ఇప్పుడే తెలిసిందనుకుని ఏదో సముదాయించబోయాను.

"మాకెర్క లేదనుకున్నవా సార్?" అన్నాడు. నేను ఆ ఊరికి వచ్చాక ఆయన నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "కన్నోళ్లం. మాకెర్క లేకుంటదా? పొగరుదని ఊరంత అంటె అననిచ్చినం. పొగరుదంటె ఏం గాదు. చెవిటిదంటె అన్ని తలుపులు మూస్తరు. ఆరేండ్లు కడుపుల పెట్టుకున్నం సార్. నువ్వు గీడికచ్చి అందరి ముంగట గింత మాటంటివి." తువ్వాల భుజాన వేసుకుని, "రేపటి సంది బీడీలకు కూసుంటది" అన్నాడు.

ఆ ఇంట్లో ఆమెను ఎవరూ వెనక నుంచి పిలవరని, భుజం తట్టి, తమ వైపు తిరిగాకే మాట్లాడతారని అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు చూశాను! మా సాంచల దగ్గరి మర్యాదే అది. చూసి కూడా వాళ్లకు తెలియదనుకున్నాను. చదువుకున్నవాణ్ని గదా.

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో, ఆమె కిటికీ పక్కన, ఆమె పక్కన నేను. పిల్లకు ఏం చెప్పాలి? వరండాలో నిలబడ్డప్పటి నుంచి ఒక అబద్ధం తయారు చేసుకుంటున్నాను. బస్సు ఊరు దాటాక ఆమె భుజం తట్టాను. నా వైపు తిరిగింది.

"పరీక్ష ఇంకోరోజు పెడ్తరట బిడ్డా" అన్నాను పెదవులతో.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదు సార్. చెవిటిదాన్ని ఎవడు తెమ్మన్నడని అన్నడు గా సారు. పేరు కొట్టేయ్ అన్నడు. నేను జూసిన" అంది.

ఆ గదిలో పెదవులు కదిపిన ప్రతి మనిషి మాటా ఆమె చూసింది. ఆయన మాటే కాదు, అంతకుముందు నేనన్నదీ, తర్వాత నేనన్న "సరే సార్" కూడా.

"పది మాటలల్ల నాకు ఒక్కటి రాకపోయినా మంచిదే ఉండె. కడుమ పేపర్లన్ని రాస్తుంటి సార్. మీరెందుకు జెప్పిన్రు?"

తన గొంతు ఎంత పైకి లేచిందో ఆమెకు తెలియదు. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ముందు సీట్లో తండ్రి మాత్రం తిరగలేదు. అవును, లెక్కలున్నాయి, తెలుగుంది, సైన్సుంది. డిక్టేషన్ లో సున్నా వచ్చినా సీటు వచ్చేది. పదకొండేళ్ల పిల్లకు తెలిసిన లెక్క నాకు తట్టలేదు.

"తప్పయింది బిడ్డా" అన్నాను.

ఆమె నా పెదవులు కదలడం ఆగేదాకా చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. నాకు ఇంకా చాలా చెప్పాలని ఉంది. రేపు నేనే ఇంటికొచ్చి చెప్తానని, వచ్చే ఏడు ఇంకో చోట అడుగుదామని, ఆ రూలు చూపించమని పోట్లాడతానని. కానీ ఆమె అటు తిరిగిన తర్వాత ఆమెతో మాట్లాడటానికి నాకు వేరే దారి లేదు. రెండుసార్లు భుజం తట్టాను. జగిత్యాల వచ్చేదాకా ఆమె ఇటు తిరగలేదు.